పేరుమోసిన చోటును ప్రశాంతంగా చూడటం ఎలా

కంబోడియాలోని ఆంకోర్ వాట్ దగ్గర దాదాపు ప్రతి ఉదయం ఒకే దృశ్యం. చీకటి ఉండగానే వందలమంది వచ్చి గుడికి పడమటి వైపున్న కొలను ఒడ్డున చేరతారు. శిఖరాల వెనక నుంచి సూర్యుడు పైకి వస్తాడు, నీళ్లలో గుడి నీడ నిలుస్తుంది, కెమెరాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ తర్వాత అరగంట, ముప్పావుగంటలో ఆ గుంపులో చాలా భాగం ఫలహారానికి హోటళ్లకు మళ్లిపోతుంది. వాళ్లతో పాటు వెనుదిరగకుండా లోపలికి నడిచేవారికి, కిక్కిరిసి ఉంటుందనుకున్న ఆ గుడిలో పొడవైన వసారాలు దాదాపు ఖాళీగా దొరుకుతాయి. తూర్పు వసారాలో గోడ పొడవునా చెక్కిన క్షీరసాగర మథనాన్ని, దేవతలూ అసురులూ వాసుకిని లాగుతున్న ఆ వరుసను ఎవరి భుజం మీదుగానో కాక ఎదురుగా నిలబడి చూడవచ్చు. ఉదయపు ఎండ పడేది కూడా ఆ వైపే.

అంత పేరున్న చోట అంత నిశ్శబ్దం దొరకడం అదృష్టమని అనుకుంటాం. నిజానికి దానికి కారణం ఉంది, ఆ కారణాన్ని ముందే తెలుసుకోవచ్చు. పర్యాటకుల రద్దీ సముద్రపు పోటు లాంటిది. ఎక్కడి నుంచో బయలుదేరి, ఒక వేళకు వచ్చి, ఒక చోట నిండి, మళ్లీ ఒక వేళకు తీసేస్తుంది. ఆ రాకపోకలు తెలిసినవారికి ఆటు సమయంలో ఒడ్డు ఖాళీగా ఉంటుంది.

రద్దీ అంటే భయం ఉన్నవారికి చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: పేరున్న చోటు మానేసి, అలాంటిదే మరొక చోటికి వెళ్లండి. నాకు ఆ సలహా నచ్చదు. కొత్త చోట్లు చూడటం మంచిదే కానీ, తాజ్ మహల్‌కు బదులుగా చూడదగ్గ మరో తాజ్ మహల్ లేదు. చిన్నప్పటి నుంచి బొమ్మల్లో చూసి, ఎప్పటికైనా చూడాలని కోరుకున్న చోటుకే మీరు వెళ్లాలి, దాన్నే ప్రశాంతంగా చూడాలి. అందుకు ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

1. జనం రాత్రి ఎక్కడ నిద్రపోతున్నారో కనుక్కోండి

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇది, ఎక్కువమంది చేయని పని కూడా ఇదే. మ్యాపు తెరిచి, మీరు వెళ్లదలచిన చోటు చుట్టూ చూడండి. ఆ చోటును చూడటానికి వచ్చేవారు ముందురోజు రాత్రి ఎక్కడ బస చేస్తారు? దగ్గరలోని పెద్ద నగరంలోనా, సముద్రతీరపు విడిది పట్టణంలోనా, ఓడరేవులో ఆగిన ఓడలోనా? అక్కడి నుంచి బస్సు ప్రయాణం ఎంతసేపో చూడండి. దానికి ఫలహారం సమయం, హోటలు హోటలుకూ వెళ్లి మనుషులను ఎక్కించుకునే సమయం కలపండి. మొదటి బస్సు ఎప్పుడు వస్తుందో దాదాపుగా తేలిపోతుంది.

మెక్సికోలోని చిచెన్ ఇట్సాను తీసుకుందాం. గేట్లు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. అక్కడికి వచ్చేవారిలో పెద్ద భాగం కాన్‌కున్, దాని చుట్టుపక్కల తీరంలో బస చేసినవారు. కాన్‌కున్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర గంటల దారి. ఏడున్నరకు బయలుదేరినా బస్సు వచ్చేసరికి కాన్‌కున్‌లో పది, దానికంటే గంట వెనక నడిచే చిచెన్ ఇట్సా గడియారంలో తొమ్మిది అవుతుంది. అంటే రోజూ కనీసం గంట పాటు ఆ పిరమిడ్ ముందున్న పచ్చిక బయలు పలచగా ఉంటుంది. ఆ గంట మీకు కావాలంటే తీరంలో కాకుండా, 45 కిలోమీటర్ల దూరంలోని వయాడొలిద్ పట్టణంలో ముందురోజు రాత్రి ఉండండి. ఏడింటికి తీరిగ్గా బయలుదేరినా గేటు తెరిచే వేళకు అక్కడ ఉంటారు.

ఇదే లెక్క సాయంత్రానికి తిరగబడుతుంది. పొద్దున వచ్చి పొద్దుపోయేలోపు వెళ్లిపోయేవారితో నిండే ఊళ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఇటలీలోని కాలువల నగరం వెనిస్ మొదటిది. పగటి సందర్శకుల తాకిడి ఎంతగా పెరిగిందంటే, 2024 ఏప్రిల్ 25 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో పగలు మాత్రమే వచ్చి వెళ్లేవారి నుంచి ఆ నగరం ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. రాత్రి అక్కడే బస చేసేవారికి ఆ రుసుము లేదు. ఈ నియమం చదివితే మీరేం చేయాలో అర్థమవుతుంది. అక్కడే నిద్రపోండి. రాత్రి తొమ్మిది దాటాక, మళ్లీ పొద్దున ఏడు లోపల, వంతెనల మీద అడుగుల చప్పుడు, గోడలకు తగిలే నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించని సందులు దొరుకుతాయి. ఫ్రాన్స్ తీరంలోని చిన్న దీవి మోం సెయింట్ మిషెల్ కూడా ఇంతే. కొండ చుట్టూ అల్లుకున్న ఆ చిన్న ఊరి ఇరుకు వీధిలో మధ్యాహ్నం నడవడమే కష్టం. చివరి బస్సులు వెళ్లాక అదే వీధి ఏ శతాబ్దంలో ఉన్నామో మరిచిపోయేంత ఖాళీగా ఉంటుంది. అక్కడ గది దొరకడం కష్టమైతే వంతెనకు ఇవతలి ఒడ్డున ఉండి, రాత్రి నడిచి వెళ్లవచ్చు.

ఓడరేవు ఊళ్లకు వెళ్తుంటే ఇంకో పని ఉంది. పెద్ద పర్యాటక ఓడలు ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తాయో, ఎప్పుడు వెళ్లిపోతాయో రేవుల వెబ్‌సైట్లలో నెలల ముందే పెడతారు. ఒక్కో ఓడ కొన్ని వేలమందిని ఒకేసారి దించుతుంది. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ ఒకేసారి రెండు ఓడలకు మించి వద్దని పరిమితి పెట్టుకోవలసి వచ్చింది. మీరు ఉండబోయే మూడు రోజుల్లో ఓడలు లేని రోజు ఒకటి ఉంటే, కోటగోడ మీద నడక ఆ రోజుకే పెట్టుకోండి. అన్ని రోజులూ ఓడలు ఉంటే, అవి బయలుదేరే వేళ తర్వాత వెళ్లండి. ప్రయాణికులు అంతకు అరగంట, గంట ముందే ఓడ ఎక్కాలి కాబట్టి ఊరు ఇంకాస్త ముందే ఖాళీ అవుతుంది.

2. మీరు చూడబోయేదాని సెలవు కాదు, పక్కదాని సెలవు చూడండి

ఒక మ్యూజియం ఏ రోజు మూసి ఉంటుందో అందరూ చూసుకుంటారు. అది మూసిన రోజున జనం ఎటు మళ్లుతారో మాత్రం చూసుకోరు. పారిస్‌లో లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుంది. ఒర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూస్తారు. కాబట్టి సోమవారం ఒర్సేకు వెళ్లవలసినవారు కూడా లూవ్ర్‌కే వస్తారు. మంగళవారం లూవ్ర్ తలుపులు మూసి ఉండటంతో జనం ఒర్సేకు, వెర్సాయ్‌కు వెళ్తారు. ముందురోజు సెలవు వల్ల ఆగిపోయినవారు కూడా వాళ్లతో కలుస్తారు. ఎవరూ లేరనుకుని వారం మధ్యలో మంగళవారం వెర్సాయ్ పెట్టుకున్నవారు అక్కడి వరుస చూసి తెల్లబోతారు. బుధ, గురువారాలు ఆ రెండింటికీ నయం.

తాజ్ మహల్ శుక్రవారం సందర్శకులకు మూసి ఉంటుంది. ఆ ఒక్కరోజు ఆగినవారంతా శనివారం వస్తారు, దానికి వారాంతపు జనం తోడవుతుంది. సోమవారం నుంచి బుధవారం వరకు చూసుకోవడం మేలు.

ఉచిత ప్రవేశం ఉన్న రోజుల గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: డబ్బు నిజంగా ఇబ్బంది అయితే తప్పక వాడుకోండి, అందుకే అవి ఉన్నాయి. ప్రశాంతత కోసం వెళ్తుంటే మాత్రం ఆ రోజులను తప్పించండి. వాటికన్ మ్యూజియాలు ఆదివారాలు మూసి ఉంటాయి. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, అది కూడా మధ్యాహ్నం వరకే. తక్కువ గంటల్లో ఎక్కువ మంది వస్తారు. ఇటలీలో ప్రభుత్వ మ్యూజియాలకు, కొలోసియం లాంటి కట్టడాలకు నెలలో మొదటి ఆదివారం ఉచితం. ఆ తర్వాతి మంగళవారమో బుధవారమో వెళ్తే అదే చోటు వేరుగా కనిపిస్తుంది.

3. వచ్చేవారి క్యాలెండరు తిరగేయండి

ఒక చోటు ఏ నెలలో బాగుంటుందని అడిగితే వాతావరణం గురించే చెబుతారు. మీరు అడగవలసింది, అక్కడికి వచ్చేవారికి సెలవులు ఎప్పుడని. జపాన్‌లో ఏప్రిల్ చివర, మే మొదటి వారంలో వరుస సెలవులు వస్తాయి. చైనాలో అక్టోబరు 1 నుంచి జాతీయ దినోత్సవ సెలవులు. ఆ వారంలో గ్రేట్ వాల్ మీద బదాలింగ్ వద్ద ఇసుక వేస్తే రాలనంత జనం. పశ్చిమ ఐరోపాకు ఆగస్టు. బడులు తెరిచిన మొదటి రెండు వారాలు చాలా దేశాల్లో పలచగా ఉంటాయి. వాతావరణం ఇంకా బాగుండగానే కుటుంబాలన్నీ ఇళ్లకు చేరిపోతాయి. పిల్లల చదువుతో ముడిపడని ప్రయాణమైతే ఆ రెండు వారాలను వదలకండి.

రద్దీ లేని కాలానికి దాని ఇబ్బందులు దానికి ఉంటాయి. పెరూ కొండల్లోని మాచు పిచ్చులో వర్షాలు నవంబరు నుంచి మార్చి వరకు, జనం ఎక్కువగా వచ్చేది మే నుంచి సెప్టెంబరు వరకు. ఫిబ్రవరిలో వెళ్తే మనుషులు తక్కువ, మబ్బులు ఎక్కువ. కొండల మీదుగా నడిచి చేరే ‘ఇంకా ట్రెయిల్’ అనే కాలిబాటను మరమ్మతుల కోసం ఏటా ఆ నెలలో మూసేస్తారు. రైలులో వెళ్లి చూసేవారికి మాత్రం శిథిల నగరం తెరిచే ఉంటుంది. టికెట్ కొనేముందు అధికారిక వెబ్‌సైట్లో మరమ్మతులు, తగ్గించిన వేళలు, మూసిన భాగాలు చూడండి. జనం లేరని సంబరపడి వెళ్తే ఎదురుగా పరంజా కనిపించడం కంటే నిరాశ ఉండదు.

నాకు నచ్చే ఏర్పాటు ఒకటుంది. ప్రధాన కాలానికి సరిగ్గా ముందో వెనకో ఉన్న మూడు వారాల్లో, రెండు రోజులు అక్కడే ఉండేలా వెళ్లడం. ఒకరోజు వానకు పోయినా రెండోది మిగులుతుంది.

4. గంటను ఎంచుకోండి

పొద్దున్నే వెళ్లమని అందరూ చెబుతారు. అది నిజమే కానీ, పొద్దున్నే వెళ్లినవారిలో సగంమంది ఆ లాభాన్ని గేటు దగ్గరే పోగొట్టుకుంటారు. తెరిచే సమయానికి చేరడం కాదు, తెరిచే సమయానికి వరుసలో ముందుండటం లెక్క. అందుకు ముందురోజే కొన్ని పనులు పూర్తి చేయాలి. టికెట్ కొని ఫోనులో దాచుకోండి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా. పెద్ద సంచీలు అనుమతించని చోట వాటిని గదిలోనే వదలండి. సామాను గది వరుసలో పోయే ఇరవై నిమిషాలే మీరు నిద్ర మానుకుని సంపాదించుకున్నవి. ఏ గేటులోంచి వెళ్తారో, లోపల మొదట ఎటు తిరుగుతారో మ్యాపులో చూసి పెట్టుకోండి.

లోపలికి అడుగుపెట్టాక నేరుగా అన్నిటికంటే దూరంగా ఉన్న ముఖ్యమైన చోటికి వెళ్లండి. గేటు పక్కనున్నవి తర్వాత చూడవచ్చు. అందరూ మొదటి గదిలో మొదటి బొమ్మ ముందు ఆగుతారు, గుంపు అక్కడి నుంచి మెల్లగా ముందుకు పాకుతుంది. మీరు చివరి నుంచి వెనక్కి వస్తే ఆ గుంపును ఒకే ఒక్కసారి, మధ్యలో ఎక్కడో దాటుతారు. ఒకే దిశలో నడవాలనే నియమం ఉన్న చోట్ల మాత్రం ఇది కుదరదు. మాచు పిచ్చులో అలాగే దారులు నిర్ణయించి ఉంటాయి. అక్కడ తొలి సమయానికి టికెట్ తీసుకోవడమే మార్గం.

పొద్దున్నే లేవలేనివారు నిరాశపడనక్కర్లేదు. చివరి గంటలు ఉదయంతో సమానం, కొన్నిచోట్ల అంతకంటే మేలు. బస్సులకు తిరుగు ప్రయాణపు వేళ ఉంటుంది, పిల్లలు అలసిపోతారు, గైడ్ల పని ముగుస్తుంది. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 వరకు తెరిచి ఉంటుంది, ఒర్సే గురువారం 9.45 వరకు. రాత్రి ఏడు తర్వాత ఆ గదుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మూసే వేళ వేరు, చివరి ప్రవేశం వేరు. సాధారణంగా మూయడానికి గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారు, దూరపు గదులను ముందుగా మూసుకుంటూ వస్తారు. కాబట్టి సాయంత్రమైనా సరే, దూరపు గదితోనే మొదలుపెట్టండి.

రాత్రి దర్శనాల గురించి కూడా అడిగి తెలుసుకోండి. తాజ్ మహల్‌ను పున్నమి రాత్రి, దానికి ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు చూడనిస్తారు. శుక్రవారాలు, రంజాన్ మాసం మినహాయింపు. ఒక్కో జట్టుకు 50 మంది, రాత్రికి ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు అరగంట. సమాధి దగ్గరకు వెళ్లనివ్వరు, ప్రధాన ద్వారం వైపు ఎర్రరాతి అరుగు మీద నిలబడి దూరం నుంచే చూడాలి. అయినా పగటి వేలమందితో పోలిస్తే యాభై మంది అంటే ఏమీ కాదు. వెన్నెల్లో ఆ పాలరాయి మెల్లమెల్లగా కళ్లకు అలవాటై తేలుతుంది. టికెట్ ముందే తీసుకోవాలి.

5. గేటు మార్చండి, ఇంకొంచెం నడవండి

అందరూ ఒకే గేటులోంచి వస్తారు, ఎందుకంటే బస్సులు ఆగేది అక్కడే. రెండో గేటు ఉందేమో చూడండి. ఏథెన్స్‌లోని కొండకోట అక్రోపోలిస్‌కు పడమటి వైపు ప్రధాన ద్వారం కాక, ఆగ్నేయంలో డయొనైసస్ నాటకశాల వైపు మరో ప్రవేశం ఉంది. అటు నుంచి ఎక్కితే మొదట్లోనే వరుస తప్పుతుంది, దారిలో నాటకశాలనూ చూడవచ్చు. ఆంకోర్ వాట్ పడమటి ముఖంగా ఉన్న గుడి, జనం అంతా అటే. తూర్పు వైపు నుంచి చెట్ల మధ్య మట్టిదారి ఉంది, అటు వచ్చేవారు తక్కువ.

ఇక నడక. అనుభవం మీద చెబుతున్నాను, రద్దీని తప్పించుకోవడానికి మెట్లను మించిన ఉపాయం లేదు. క్యోటోలోని ఫుషిమి ఇనారి మందిరంలో ఎర్రటి తోరణాల కింద మొదటి అర కిలోమీటరు అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. వాళ్లలో ఎక్కువమంది ఫొటో దిగి వెనక్కి మళ్లుతారు. ఆ తోరణాలు 233 మీటర్ల ఎత్తున్న కొండ శిఖరం దాకా వెళ్తాయి. సగం దారిలో క్యోటో నగరం కనిపించే కూడలి దాటాక, నాచు పట్టిన చిన్న చిన్న గుళ్లు, రాతి నక్కలు, పక్షుల కూతలు. అక్కడికి గేటూ లేదు, మూసే వేళా లేదు. జోర్డాన్‌లోని పెట్రాలో కూడా అంతే. సుమారు 1.2 కిలోమీటర్ల ఇరుకు లోయ దాటగానే కనిపించే, రాతిలో తొలిచిన ‘ఖజానా’ అనే కట్టడం ముందు అందరూ ఆగుతారు. అంతే గొప్పదైన ‘మఠం’ అనే మరో రాతి కట్టడాన్ని చేరాలంటే సుమారు 800 మెట్లు ఎక్కాలి. మధ్యాహ్నం మూడు తర్వాత ఎక్కండి. ఎండ నేరుగా ఆ రాతి ముఖం మీద పడుతుంది, దిగేవారు ఎదురవుతారు, ఎక్కేవారు తక్కువ. చీకటి పడకముందే దిగేలా చూసుకోవాలి.

మెట్లు ఎక్కలేనివారు, చక్రాల కుర్చీలో వెళ్లేవారు ఈ అడుగును వదిలి వేళల మీద, రోజుల మీదే ఆధారపడండి. చాలా చోట్ల వాళ్లకు ప్రత్యేక ప్రవేశం, లిఫ్టు ఉంటాయి. ముందే ఉత్తరం రాసి అడగాలి.

6. ముందురోజు రాత్రి ఒకసారి సరిచూసుకోండి

గూగుల్ మ్యాప్స్‌లో చాలా చోట్లకు గంటగంటకూ రద్దీ ఎంతో చూపే పట్టీలు ఉంటాయి. ఏ రోజు ఏ గంట పట్టీ పొట్టిగా ఉందో చూడండి. ఆ నిమిషానికి ఉన్న పరిస్థితి కూడా కొన్ని చోట్ల కనిపిస్తుంది. పేరున్న చాలా కూడళ్లకు, కొండలకు వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి. వెళ్లడానికి రెండు రోజుల ముందు నుంచి, మీరు అనుకున్న గంటకే ఒకసారి తెరిచి చూస్తే ఊహ అక్కర్లేదు. సమయాల వారీగా టికెట్లు అమ్మే చోట, ఇంకా మిగిలిన టికెట్లే సాక్ష్యం. పొద్దుటివన్నీ అయిపోయి మధ్యాహ్నం మూడుకు దండిగా ఉన్నాయంటే, జనం ఎటున్నారో తెలిసిపోయింది.

7. వాన వస్తే ఆగిపోకండి

ఒకసారి కొండమీది కోటలో ఉండగా వాన ముంచుకొచ్చింది. పది నిమిషాల్లో అందరూ కిందికి పరుగెత్తారు. ఒక పాత ద్వారం కింద నిలబడి అరగంట ఆగాను. వాన తెరిపి ఇచ్చాక బయటికి వస్తే ఆ ప్రాంగణంలో నేను, ఒక కాపలాదారు, రాళ్ల మీద నిలిచిన నీళ్లలో ఆకాశం. అప్పటి నుంచి సంచిలో వానకోటు లేకుండా బయలుదేరను. రోమ్‌లోని ప్రాచీన ఆలయం పాంథియన్‌కైతే వానలోనే వెళ్లమంటాను. గోపురం నడినెత్తిన తెరిచి ఉన్న గుండ్రటి కన్నులోంచి వాన నేరుగా లోపలికి పడుతుంది, నేలలో చెక్కిన చిన్న రంధ్రాల గుండా జారిపోతుంది.

ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం ఎత్తైన చోట, ఒంటరి చెట్టు కింద ఉండకండి. తడిసిన పాత మెట్లు ఎంతోమంది పాదాలకు అరిగి నున్నగా ఉంటాయి. జారని చెప్పులు వేసుకోండి.

8. అయినా జనం ఉంటే

అన్నీ చేసినా ఒక్కోసారి నిండుగానే ఉంటుంది. కోపం తెచ్చుకోకండి, వాళ్లూ మనలాగే ఎన్నాళ్లో ఎదురుచూసి వచ్చినవారు. గోడ పక్కన ఒక చోటు చూసుకుని పావుగంట కదలకుండా నిలబడండి. గుంపులు విడతలు విడతలుగా వస్తాయని అప్పుడు తెలుస్తుంది. గైడు జెండా ఎత్తగానే నలభై మంది ఒకేసారి వెళ్లిపోతారు, తర్వాతి గుంపు వచ్చేలోపు రెండు మూడు నిమిషాల ఖాళీ. ఆ ఖాళీని పట్టుకోండి. స్పెయిన్‌లోని అల్హంబ్రా కోటలో నస్రిద్ రాజమందిరాలకు లోపలికి వెళ్లే అరగంటను మాత్రమే నిర్ణయిస్తారు, బయటికి రావలసిన సమయాన్ని కాదు. మీతో వచ్చినవారిని ముందుకు పోనిచ్చి ఒక గదిలో ఆగితే, వాళ్లకూ వెనకవాళ్లకూ మధ్య మీకొక ఏకాంతం దొరుకుతుంది.

రెండోది, వెనక్కి తిరగడం. లూవ్ర్‌లో మోనాలిసా ముందు ఎప్పుడూ గుంపే. సరిగ్గా ఎదురు గోడ మీద ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద చిత్రం ఉంది, వెరొనేసే గీసిన కానా పెళ్లివిందు. దాదాపు పది మీటర్ల వెడల్పు. గదిలో ఉన్నవారిలో చాలామంది వీపులు దానివైపే ఉంటాయి.

9. ఖాళీగా దొరికిందా? ముందు కారణం చూడండి

అనుకోకుండా నిర్మానుష్యంగా ఉన్న చోటికి చేరితే ఒక్క నిమిషం ఆగి, ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కోండి. గేటు దగ్గర కాగితం అతికించారా? సమ్మె ఉందా? ఏథెన్స్‌లో వేసవి వడగాలులకు అక్రోపోలిస్‌ను మిట్టమధ్యాహ్నం మూసిన రోజులు ఉన్నాయి. అలాంటి వేడిలో ఇంకెక్కడైనా మీరొక్కరే నడుస్తుంటే అది అదృష్టం కాదు, ప్రమాదం. కొండదారి ఖాళీగా ఉంటే రాళ్లు జారే హెచ్చరిక ఉందేమో చూడండి. మోం సెయింట్ మిషెల్ చుట్టూ ఇసుకమేట ఖాళీగా కనిపించిందని గైడు లేకుండా దిగితే, పోటు చాలా వేగంగా చుట్టుముడుతుంది. వేకువన ఒంటరిగా వెళ్తుంటే ఎక్కడికి, ఎప్పటికి తిరిగి వస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లండి.

కారణం మంచిదే అని తేలితే, ఇక ఆ చోటు మీది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. జనం వచ్చేస్తారన్న కంగారులో ఫొటోల కోసం పరుగులు పెడతారు, ఖాళీ దొరికిన ఇరవై నిమిషాలూ తెర మీదే చూస్తారు. నా మాట వినండి. మొదటి ఐదు నిమిషాలు ఫోను సంచిలో ఉండనివ్వండి. నిలబడి వినండి. గాలి ఎటు నుంచి వస్తోంది, నీళ్లు ఎక్కడ పారుతున్నాయి, మాట ఎంతదూరం ప్రతిధ్వనిస్తోంది, వీటిలో చాలావరకు ఆ కట్టడం కట్టినవారు తెలిసి చేసిన పనులు కావచ్చు. గుంపులో అవి వినిపించవు. తర్వాత నేల చూడండి, జనం ఉన్నప్పుడు ఎవరికీ కనిపించనిది నేలే. అరిగిన గడపలు, రాతి అతుకులు, శిల్పులు వదిలిన గుర్తులు. ఆ తర్వాత ఎన్ని ఫొటోలైనా తీసుకోండి.

ఎవరూ చూడటం లేదని తాడు దాటకండి, గోడను ముట్టుకోకండి. వీలైతే కాపలాదారును పలకరించండి. రద్దీ వేళలో వాళ్లకు ఊపిరాడదు, ఖాళీ వేళలో మాత్రం మాట్లాడటానికి తీరిక ఉంటుంది. ఏ మూల ఎండ ఎప్పుడు పడుతుందో, ఏ గది ఎందుకు మూసి ఉందో ఏ పుస్తకం కంటే వాళ్లకే బాగా తెలుసు. ఏ రోజు జనం తక్కువని అడిగితే, మొదటి అడుగు నుంచి మనం వేసిన లెక్కలన్నిటికీ జవాబు వాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగి నాలుగు ముక్కలు రాసుకోండి: ఏ నెల, ఏ వారం, ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారు, మొదటి బస్సు ఎన్నింటికి వచ్చింది. ఇంట్లో వాళ్లో స్నేహితులో అక్కడికి బయలుదేరేటప్పుడు ఆ కాగితం ఇవ్వండి.